భాగం - 9 : అద్దె మోడెమ్ మార్పిడి, ఇంట్లో వైఫై విస్తరణ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 రాగి తీగ మీద ఇంటర్నెట్
9.3 లోపం ఎక్కడుంది? మూడు పరీక్షలు
9.4 అద్దె మోడెమ్: ఉంచాలా, మార్చాలా?
9.5 మోడెమ్ మార్చే విధానం
9.6 ఇంట్లో వైఫై విస్తరణ
9.7 భద్రత
9.8 సారాంశం
9.9 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు
9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

- టెలిఫోను తీగ మీద ఇంటర్నెట్ ఎలా వస్తుందో వివరించగలుగుతారు.
- వేగం తగ్గినప్పుడు లోపం లైనులో ఉందా, మోడెమ్‌లో ఉందా, ఇంట్లోని వైఫైలో ఉందా అన్నది తేల్చగలుగుతారు.
- అద్దె మోడెమ్‌ను కొనసాగించడం, సొంతది కొనడం, ఈ రెండింటిలో ఏది లాభమో లెక్కకట్టగలుగుతారు.
- మోడెమ్‌ను స్వయంగా మార్చి, ఇంట్లో అవసరమైన గదికి వైఫై అందించగలుగుతారు.

9.1 పరిచయం

దూరవిద్యలో చదివేవారికి ఇల్లే తరగతి గది. వీడియో పాఠాలు చూడటం, పరీక్ష ఫీజు కట్టడం, హాల్ టికెట్ తీసుకోవడం అన్నీ ఇంటర్నెట్ మీదే జరుగుతున్నాయి. ఫీజు గడువు చివరి రోజున పేజీ తెరుచుకోకపోతే ఆలస్య రుసుము కట్టాల్సి వస్తుంది. ఒక్కోసారి ఆ విడత పరీక్షే తప్పిపోతుంది. అందువల్ల ఇంట్లో ఇంటర్నెట్ నిలకడగా ఉండటం మీ చదువుకు సంబంధించిన విషయమే.

నెట్ నెమ్మదించగానే చాలామంది పెద్ద ప్లాను తీసుకుంటారు, లేదా కొత్త పరికరం కొంటారు. లోపం ఎక్కడుందో తెలుసుకోకుండా ఖర్చు చేస్తే డబ్బు పోతుంది, సమస్య అలాగే ఉంటుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి ఈ పాఠం కోసం ఊహించుకున్న రెండు ఇళ్లను చూద్దాం.

మొదటి ఇల్లు: కామారెడ్డిలో నిజాంసాగర్ చౌరస్తా వైపు ఒక కాలనీలోని రెండంతస్తుల స్లాబు ఇల్లు. మోడెమ్ కింది హాలులో, టీవీ వెనుక, ఇనుప బీరువా పక్కన ఉంది. డిగ్రీ చదువుతున్న అమ్మాయి పై గదిలో కూర్చుంటుంది. ఆన్‌లైన్ తరగతి మాటిమాటికీ తెగిపోతోంది. పెద్ద ప్లానుకు మారాలని ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారు.

రెండవ ఇల్లు: ఎల్లారెడ్డిలో మందపాటి మట్టిగోడల పొడవాటి పెంకుటిల్లు. ఫోను తీగ ముందు వరండాలోకి వస్తుంది. అక్కడి నుంచి తీగను పొడిగించి వెనుక గదిలో అద్దె మోడెమ్ పెట్టారు. నెట్ అన్ని గదుల్లోనూ నెమ్మదిగానే ఉంది. వర్షం పడితే మరీ ఎక్కువ. ఆ ఇంటి విద్యార్థి వైఫై ఎక్స్‌టెండర్ కొనబోతున్నాడు.

రెండు ఇళ్లలోనూ ఫిర్యాదు ఒక్కటే: "నెట్ రావడం లేదు." కారణాలు మాత్రం వేరు. రెండు కుటుంబాలూ కొనబోతున్న వస్తువు తప్పే. ఎందుకో చూద్దాం.

9.2 రాగి తీగ మీద ఇంటర్నెట్

మన దేశంలో 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్ని కనీస బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ 'డేటావన్' పేరుతో ఈ సేవను ప్రారంభించింది. అప్పటికే ఇళ్లకు ఉన్న టెలిఫోను తీగలనే ఇందుకు వాడుకున్నారు. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం కనీస వేగాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచింది.

ఒకే తీగ మీద మాట, ఇంటర్నెట్ రెండూ ఎలా నడుస్తాయి? మాట సుమారు 4 కిలోహెర్ట్జ్ లోపు పౌనఃపున్యాలలో సాగుతుంది. ఏడీఎస్‌ఎల్ అనే పద్ధతిలో సమాచారం 25 కిలోహెర్ట్జ్‌కు పైన ఉండే పౌనఃపున్యాలలో ప్రయాణిస్తుంది. ఏడీఎస్‌ఎల్2 ప్లస్‌లో ఈ పరిధి 2.2 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. ఈ రెండింటినీ విడదీసే చిన్న డబ్బానే స్ప్లిట్టర్. దానికి లైన్, ఫోన్, మోడెమ్ అని మూడు రంధ్రాలుంటాయి. ఫోనును స్ప్లిట్టర్ లేకుండా నేరుగా లైనుకు కలిపితే మాటలో బుస వినిపిస్తుంది, నెట్ తెగుతుంది.

మోడెమ్ రెండు పనులు చేస్తుంది. పంపేటప్పుడు కంప్యూటర్ అంకెల సమాచారాన్ని తీగ మీద ప్రయాణించే సంకేతంగా మారుస్తుంది. వచ్చేటప్పుడు సంకేతాన్ని తిరిగి అంకెలుగా మారుస్తుంది. నేడు ఇళ్లలో ఉండే పెట్టెలో మోడెమ్, రౌటర్, వైఫై మూడూ కలిసే ఉంటాయి. అందువల్ల వాటిని మనం ఒకే వస్తువుగా భావిస్తాం. లోపాన్ని వెతికేటప్పుడు మాత్రం వీటిని మూడుగానే చూడాలి.

దూరం ప్రభావం: రాగి తీగలో సంకేతం దూరంతో పాటు క్షీణిస్తుంది. ఏడీఎస్‌ఎల్2 ప్లస్‌కు గరిష్ఠ వేగం 24 ఎంబీపీఎస్. అది ఎక్స్ఛేంజికి బాగా దగ్గరలో ఉన్న ఇళ్లకే సాధ్యం. 3 కిలోమీటర్ల తీగ మీద సుమారు 8 ఎంబీపీఎస్ వస్తుంది. 5 కిలోమీటర్లు దాటితే లైను నిలవడమే కష్టం.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. "ఎల్లారెడ్డి జిల్లా కేంద్రానికి దూరం కాబట్టి నెట్ నెమ్మది" అని కొందరు అంటారు. లెక్కలోకి వచ్చేది కామారెడ్డికి, ఎల్లారెడ్డికి మధ్య ఉన్న దూరం కాదు. మీ ఇంటికి, మీ లైను కలిసే ఎక్స్ఛేంజికి మధ్య ఉన్న రాగి తీగ పొడవు. కామారెడ్డి ఎస్టీడీ కోడ్ 08468, ఎల్లారెడ్డిది 08465. అంటే ల్యాండ్‌లైను వ్యవస్థలో ఇవి రెండు వేర్వేరు ప్రాంతాలు. ఎక్స్ఛేంజిల మధ్య సమాచారం దృశా తంతువుల మీద, అంటే ఫైబర్ మీద సాగుతుంది. అందులో క్షీణత చాలా తక్కువ. ఎల్లారెడ్డిలో ఎక్స్ఛేంజి పక్కనున్న ఇంటికి, కామారెడ్డి ఊరి చివరి ఇంటికన్నా ఎక్కువ వేగం రావచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
(అ) స్ప్లిట్టర్ పని ఏమిటి?
(ఆ) ఏడీఎస్‌ఎల్ వేగాన్ని నిర్ణయించే దూరం ఏది?

9.3 లోపం ఎక్కడుంది? మూడు పరీక్షలు

ఈ పరీక్షలకు ఖర్చు లేదు. ఒక ల్యాప్‌టాప్, ఒక ఈథర్‌నెట్ తీగ, మీ ఫోను చాలు. ల్యాప్‌టాప్ లేకపోతే ఒక గంట కోసం స్నేహితుల దగ్గర తెచ్చుకోండి.

పరీక్ష 1 - తీగతో కొలవడం: మోడెమ్‌కు ల్యాప్‌టాప్‌ను ఈథర్‌నెట్ తీగతో కలపండి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపండి. ఇంట్లో మిగతావారి ఫోన్లలో కూడా వైఫై కాసేపు ఆపించండి. ఏదైనా వేగ పరీక్ష సైటులో మూడుసార్లు కొలిచి రాసుకోండి. ఉదయం ఒకసారి, రాత్రి 9 గంటల ప్రాంతంలో ఒకసారి కొలిస్తే మంచిది. వచ్చిన అంకె మీ ప్లాను వేగానికి దగ్గరగా ఉంటే లైను, మోడెమ్‌లోని డీఎస్‌ఎల్ భాగం బాగున్నట్టే. అప్పుడు లోపం వైఫైలో ఉంది. అంకె బాగా తక్కువగా ఉంటే రెండవ పరీక్షకు వెళ్లండి.

పరీక్ష 2 - లైను అంకెలు చూడటం: బ్రౌజరులో మోడెమ్ చిరునామా కొట్టండి. చాలా మోడెమ్‌లకు అది 192.168.1.1. చిరునామా, ప్రవేశ వివరాలు మోడెమ్ అడుగున అంటించిన కాగితం మీద ఉంటాయి. లోపల స్టేటస్ పేజీలో రెండు అంకెలు చూడాలి.

- ఎస్ఎన్ఆర్ మార్జిన్: ఇది రొదతో పోలిస్తే సంకేతానికి ఉన్న అదనపు బలం. 10 డెసిబెల్‌లు దాటితే మంచిది. 6 కన్నా తగ్గితే లైను తెగుతూ ఉంటుంది.
- అటెన్యుయేషన్: ఇది తీగలో జరిగిన క్షీణత. కిలోమీటరుకు సుమారు 14 డెసిబెల్‌లుగా లెక్క వేసుకోవచ్చు. 60 దాటితే లైను బలహీనం.

ఇప్పుడు మోడెమ్‌ను తీసుకెళ్లి, బయటి తీగ ఇంట్లోకి వచ్చే మొదటి పాయింటు దగ్గరే కలిపి అవే అంకెలు మళ్లీ చూడండి. అక్కడ అంకెలు మెరుగైతే లోపం మీ ఇంటి లోపలి తీగలో ఉంది. అక్కడా బాగోకపోతే ఫోను ఎత్తి వినండి. గరగర వినిపిస్తే బయటి లైనులో, అతుకుల దగ్గర తడి చేరి ఉండవచ్చు. రాసుకున్న అంకెలతో సహా సర్వీసు సంస్థకు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. అంకెలు బాగున్నా వేగం రాకపోతే, లేదా మోడెమ్ వేడెక్కి దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతుంటే అనుమానం మోడెమ్ మీదికి వెళ్తుంది. వీలైతే వేరొక మోడెమ్ పెట్టి చూసి నిర్ధారించుకోండి.

పరీక్ష 3 - గదుల్లో తిరిగి కొలవడం: ఫోనులో వైఫై సంకేత బలాన్ని చూపే యాప్ వేసుకొని ఒక్కో గదిలో అంకె రాసుకోండి. ఇది రుణ సంఖ్యలో ఉంటుంది. -50 చాలా బాగున్నట్టు. -67 వరకు వీడియో పాఠం సాఫీగా నడుస్తుంది. -80 దగ్గర పేజీలే తెరుచుకోవు.

మన రెండు ఇళ్లలో ఫలితాలు ఇలా వచ్చాయని అనుకుందాం. కామారెడ్డి ఇంట్లో ప్లాను 10 ఎంబీపీఎస్. తీగతో కొలిస్తే 9.6 వచ్చింది. పై గదిలో సంకేతం -82. అంటే లైను బాగుంది, వైఫై పైకి చేరడం లేదు. 20 ఎంబీపీఎస్ ప్లాను తీసుకున్నా ఆ గదిలో మార్పు కనిపించదు. ఎల్లారెడ్డి ఇంట్లో ప్లాను 8 ఎంబీపీఎస్. వెనుక గదిలో తీగతో కొలిస్తేనే 1.8 వచ్చింది. ఎస్ఎన్ఆర్ 4. వరండాలోని మొదటి పాయింటు దగ్గర కలిపితే ఎస్ఎన్ఆర్ 11, వేగం 7. అటెన్యుయేషన్ 38, అంటే తీగ పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. ఆ దూరానికి ఇది సరైన వేగమే. దోషం వరండా నుంచి వెనుక గదికి వేసిన పొడిగింపు తీగది, దానిలోని చేత్తో మెలితిప్పిన అతుకులది. ఇక్కడ ఎక్స్‌టెండర్ కొంటే, నెమ్మదిగా వచ్చే నెట్ మరింత దూరం చేరుతుంది, అంతే.

9.4 అద్దె మోడెమ్: ఉంచాలా, మార్చాలా?

కనెక్షన్ తీసుకున్నప్పుడు సంస్థ నెలవారీ అద్దెకు మోడెమ్ ఇవ్వడం, లేదా వినియోగదారుడు సొంతది తెచ్చుకోవడం, రెండు పద్ధతులూ ఉన్నాయి. అద్దె చిన్న మొత్తం కాబట్టి బిల్లులో చాలామంది గమనించరు. దాన్ని లెక్కకట్టి చూడాలి.

ఉదాహరణకు అద్దె నెలకు రూ. 60 అనుకుందాం. 18 శాతం జీఎస్టీతో రూ. 70.80 అవుతుంది. కొత్త మోడెమ్ ధర రూ. 1,500 అనుకుందాం.

1,500 ÷ 70.80 = 21.2 నెలలు

అంటే 22వ నెల నుంచి సొంత మోడెమ్ లాభం. మూడేళ్ల డిగ్రీ కాలానికి అద్దె 36 × 70.80 = రూ. 2,548.80. సొంతది కొంటే రూ. 1,048.80 మిగులుతుంది. మీ బిల్లులోని అంకెలు పెట్టి ఇదే లెక్క చేయండి.

అయితే ఈ లెక్కకు ఒక షరతు ఉంది: రాగి తీగ కనెక్షన్ అన్నాళ్లూ కొనసాగాలి. మీ వీధికి ఏడాదిలో ఫైబర్ వస్తే ఏడీఎస్‌ఎల్ మోడెమ్ పనికిరాదు. అప్పుడు 12 నెలల అద్దె రూ. 849.60తో పోయేదానికి రూ. 1,500 ఖర్చు పెట్టినట్టవుతుంది. భారత్‌నెట్ పథకం గ్రామ పంచాయతీలకు ఫైబర్ చేర్చడానికి ఉద్దేశించినది. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి పైపుల కందకాలను టీ-ఫైబర్ కోసం కూడా ఉపయోగించుకున్నారు. పట్టణాల్లో ప్రైవేటు కేబుల్ సంస్థలూ ఫైబర్ ఇస్తున్నాయి. కాబట్టి కొనే ముందు మీ వీధి పరిస్థితిని విచారించండి.

అద్దె కొనసాగిస్తే ఒక సౌకర్యం ఉంది. మోడెమ్ చెడిపోతే మార్చి ఇచ్చే బాధ్యత సాధారణంగా సంస్థదే. సొంతదైతే ఆ భారం మీది. కొనేటప్పుడు బిల్లు, వారంటీ కార్డు తప్పక తీసుకోండి.

మధ్యేమార్గం కూడా ఉంది. అద్దె మోడెమ్‌ను అలాగే ఉంచి, ఈథర్‌నెట్ 'వ్యాన్' రంధ్రం ఉన్న వైఫై రౌటర్ ఒకటి కొనడం. పాత మోడెమ్‌ను బ్రిడ్జ్ పద్ధతిలో పెడితే అది లైను పని మాత్రమే చూసుకుంటుంది. వైఫై పనిని కొత్త రౌటర్ చేస్తుంది. రేపు ఫైబర్ వచ్చినా అదే రౌటర్‌ను ఫైబర్ పెట్టెకు కలుపుకోవచ్చు. ఫైబర్ పెట్టెను ఓఎన్‌టీ అంటారు. దాని సంఖ్యను సంస్థ తన వ్యవస్థలో నమోదు చేయాలి. అందువల్ల సంస్థను అడగకుండా బయట ఓఎన్‌టీ కొనకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
(అ) నెల అద్దె పన్నుతో రూ. 90, మోడెమ్ ధర రూ. 1,800 అయితే ఎన్ని నెలల్లో ఖర్చు తిరిగి వస్తుంది?
(ఆ) ఏడీఎస్‌ఎల్ మోడెమ్ కన్నా విడి రౌటర్ కొనడంలో ఉన్న ప్రయోజనం ఏమిటి?

9.5 మోడెమ్ మార్చే విధానం

1. పాత మోడెమ్‌ను తీసేముందు దాని సెట్టింగుల పేజీలోని వివరాలు కాగితం మీద రాసుకోండి, లేదా ఫోటో తీసుకోండి. ముఖ్యమైనవి: యూజర్ పేరు, పాస్‌వర్డ్, కనెక్షన్ రకం, వీపీఐ, వీసీఐ. బీఎస్‌ఎన్‌ఎల్ ఏడీఎస్‌ఎల్ లైన్లకు సాధారణంగా వీపీఐ 0, వీసీఐ 35, రకం పీపీపీఓఈ. పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తే సంస్థను అడిగి తెలుసుకోండి. ఇవి చేతిలో లేకుండా రీసెట్ మీట నొక్కకండి.

2. స్ప్లిట్టర్ 'మోడెమ్' రంధ్రం నుంచి సన్న ఫోను తీగను కొత్త మోడెమ్‌కు కలపండి. పవర్ ఇచ్చి డీఎస్‌ఎల్ దీపం నిలకడగా వెలిగేదాకా రెండు మూడు నిమిషాలు ఆగండి.

3. ల్యాప్‌టాప్‌ను తీగతో కలిపి, రాసుకున్న వివరాలు నింపండి. డీఎస్‌ఎల్ దీపం వెలిగి ఇంటర్నెట్ దీపం వెలగకపోతే లైను బాగుంది, యూజర్ పేరులోనో పాస్‌వర్డ్‌లోనో తప్పు ఉండే అవకాశం ఎక్కువ.

4. కొత్త మోడెమ్‌తో వారం పది రోజులు నడిపి చూడండి. బాగుంటేనే పాతది తిరిగి ఇవ్వండి.

5. తిరిగి ఇచ్చేటప్పుడు అడాప్టర్, స్ప్లిట్టర్ వంటి ఇచ్చిన వస్తువులన్నీ ఇచ్చి, అద్దె ఆపమని దరఖాస్తు రాసి ఇవ్వండి. మోడెమ్ క్రమసంఖ్య, తేదీ ఉన్న రసీదు తీసుకోండి. డిపాజిట్ కట్టి ఉంటే వాపసు అడగండి. తరువాతి రెండు బిల్లుల్లో అద్దె తొలగిందో లేదో చూడండి. రసీదు లేకపోతే మోడెమ్ ఇచ్చినట్టు నిరూపించడం కష్టం.

9.6 ఇంట్లో వైఫై విస్తరణ

వైఫై రేడియో తరంగం. దూరం రెట్టింపైతే ఆరుబయట కూడా దాని శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. గోడలు మరికొంత మింగేస్తాయి. మందపాటి మట్టిగోడ, రాతిగోడ, ఇనుప చువ్వలున్న స్లాబు ఎక్కువగా అడ్డుకుంటాయి. బీరువా, ఫ్రిజ్, అద్దం, రేకులు తరంగాన్ని పరావర్తనం చెందిస్తాయి. నీళ్ల డ్రమ్ము దాన్ని శోషించుకుంటుంది.

వైఫై ప్రధానంగా రెండు పౌనఃపున్య పట్టీలలో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ గోడలను మెరుగ్గా దాటుతుంది, కానీ ఇరుగుపొరుగు వైఫైలతో రద్దీగా ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, కానీ గోడలు దాటడంలో బలహీనం. మన దేశంలో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో లైసెన్సు లేకుండా వాడుకునే పరిధిని 2018లో విస్తరించారు. మోడెమ్ ఉన్న గదిలో 5, దూరపు గదిలో 2.4 వాడటం మంచిది.

ఖర్చు లేని పనులతో మొదలుపెట్టండి:

- మోడెమ్‌ను ఇంటి మధ్యలో, ఛాతీ ఎత్తుకు పైన, ఎదురుగా ఖాళీ ఉండేలా పెట్టండి. రెండంతస్తుల ఇంట్లో మెట్ల దగ్గర పెడితే తరంగానికి స్లాబు అడ్డం తగ్గుతుంది.
- మోడెమ్‌ను జరపడానికి ఫోను తీగను ఇష్టం వచ్చినట్టు పొడిగించకండి. మోడెమ్‌ను మొదటి పాయింటు దగ్గరే ఉంచి ఈథర్‌నెట్ తీగను పొడిగించండి. అది 100 మీటర్ల వరకు పనిచేస్తుంది.
- 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్లు ఒకదానిపై ఒకటి పడవు. ఇరుగుపొరుగు తక్కువగా వాడుతున్నదాన్ని ఎంచుకోండి.

ఇవి చాలకపోతే పరికరాల సంగతి చూడాలి. ఎక్స్‌టెండర్ గాలిలోంచే సంకేతం అందుకొని తిరిగి పంపుతుంది. ఒకే పట్టీ మీద ఈ రెండు పనులూ చేసే ఎక్స్‌టెండర్‌తో వేగం సుమారు సగమవుతుంది. దాన్ని నెట్ రాని గదిలో కాక, సంకేతం ఇంకా బాగున్న మధ్య చోట పెట్టాలి. మెష్ పరికరాలు మెరుగ్గా పనిచేస్తాయి కాని ఖరీదు ఎక్కువ. అన్నింటికన్నా నమ్మకమైనది ఈథర్‌నెట్ తీగ లాగి అవతలి గదిలో రెండో రౌటర్ పెట్టడం. ఇంట్లో పడి ఉన్న పాత రౌటర్‌నే ఇందుకు వాడవచ్చు. దాని చిరునామాను 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీ ఆపి, తీగను 'ల్యాన్' రంధ్రానికి కలపండి. మొదటి వైఫై 1వ ఛానల్‌లో ఉంటే దీన్ని 6లోనో 11లోనో పెట్టండి.

ఇప్పుడు మన రెండు ఇళ్లకు వద్దాం. కామారెడ్డి ఇంట్లో మోడెమ్‌ను టీవీ వెనుక నుంచి తీసి మెట్ల వైపు గోడకు ఎత్తుగా పెట్టారు. పై గదిలో -82 కాస్తా -70 అయింది. మెట్ల మీదుగా తీగ లాగి పైన పాత రౌటర్ పెట్టాక -48కి వచ్చింది. ఖర్చు తీగకే. పెద్ద ప్లాను అవసరం లేకపోయింది. ఎల్లారెడ్డి ఇంట్లో మోడెమ్‌ను వరండా పక్క గదిలోకి, మొదటి పాయింటు దగ్గరికి తెచ్చారు. అక్కడి నుంచి వెనుక గదికి 15 మీటర్ల ఈథర్‌నెట్ తీగ వేశారు. ల్యాప్‌టాప్‌కు తీగతోనే 7 ఎంబీపీఎస్ వస్తోంది. అద్దె మోడెమ్‌ను ఇప్పుడప్పుడే మార్చనక్కరలేదు.

7 ఎంబీపీఎస్ చాలా అన్న సందేహం రావచ్చు. మధ్యస్థ నాణ్యతగల వీడియో పాఠానికి 1 నుంచి 1.5 ఎంబీపీఎస్ చాలు. 8 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 1 మెగాబైటు. 30 మెగాబైట్ల పాఠ్యపుస్తకం సుమారు అర నిమిషంలో దిగుతుంది. చదువుకు కావలసింది నిలకడైన వేగం.

9.7 భద్రత

కొత్త మోడెమ్ పెట్టగానే దాని ప్రవేశ పాస్‌వర్డ్ మార్చండి. వైఫైకి డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 రక్షణ ఎంచుకొని, కనీసం 12 అక్షరాల పాస్‌వర్డ్ పెట్టండి. ఇంటి ఫోను నంబరు, పుట్టిన తేదీ వద్దు. డబ్ల్యూపీఎస్ అనే సౌకర్యాన్ని ఆపేయండి. మీ కనెక్షన్ మీద జరిగే పనికి మొదట ప్రశ్నించేది మిమ్మల్నే.

ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు పిడుగు ప్రభావం కరెంటు తీగ నుంచే కాక ఫోను తీగ నుంచి కూడా మోడెమ్‌కు చేరుతుంది. వాన మొదలుకాకముందే రెండు తీగలూ ఊడదీయండి. మెరుపులు మొదలయ్యాక తీగలు ముట్టుకోకండి. కరెంటు పోతుండే ఊళ్లలో మోడెమ్ వోల్టేజికి సరిపడే చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకుంటే తరగతి మధ్యలో తెగదు.

9.8 సారాంశం

ఇంటర్నెట్ మీ చేతికి వచ్చేదాకా మూడు దశలు దాటుతుంది: బయటి రాగి తీగ, మోడెమ్, ఇంట్లోని గాలి. తీగతో కొలిస్తే వేగం బాగుండి గదిలో రాకపోతే లోపం వైఫైది. తీగతోనే తక్కువైతే మొదటి పాయింటు దగ్గర మళ్లీ కొలిచి ఇంటి తీగ, బయటి లైను, మోడెమ్‌లలో ఏది కారణమో తేల్చాలి. అద్దె మోడెమ్ మార్పును అద్దె, ధర, ఫైబర్ వచ్చే అవకాశం చూసి నిర్ణయించాలి. విస్తరణకు ముందుగా చోటు మార్చాలి, తరువాత తీగ లాగాలి, చివరగా కొత్త పరికరం కొనాలి.

9.9 మీ ప్రగతిని సరిచూసుకోండి: సమాధానాలు

1. (అ) మాట సంకేతాన్ని, ఇంటర్నెట్ సంకేతాన్ని విడదీయడం. (ఆ) ఇంటికి, ఎక్స్ఛేంజికి మధ్య ఉన్న రాగి తీగ పొడవు.
2. (అ) 1,800 ÷ 90 = 20 నెలలు. (ఆ) ఫైబర్‌కు మారినా దాన్ని వాడుకోవచ్చు.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. ఇంట్లో ఇంటర్నెట్ వేగం తగ్గినప్పుడు లోపాన్ని గుర్తించే మూడు పరీక్షలను వివరించండి.
2. అద్దె మోడెమ్‌ను మార్చే ముందు పరిశీలించవలసిన అంశాలను లెక్కతో సహా చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. 2.4, 5 గిగాహెర్ట్జ్ పట్టీల మధ్య భేదాలు.
2. పాత రౌటర్‌ను రెండో వైఫై కేంద్రంగా వాడే పద్ధతి.

III. అభ్యాసం
మీ ఇంటి పటం గీసి, ప్రతి గదిలో వైఫై సంకేత బలాన్ని రాయండి. మోడెమ్‌ను ఒక్కసారి చోటు మార్చి మళ్లీ కొలవండి. ఏ గదిలో ఎంత మార్పు వచ్చిందో, దానికి కారణమేమిటో ఒక పేజీలో రాయండి.